ఎన్ని గోల్స్ పడ్డయ్?

2011 ఆగస్టు 28, ఆదివారం. మెట్టుగూడలో మా ఇంటి ముందుగదిలో టీవీ ముందు నేను, గోడవారగా మంచం మీద తాత. రాత్రి ఎనిమిదిన్నరకి మొదలైన ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగు మ్యాచ్. మాంచెస్టర్ యునైటెడ్ మీద వాళ్ల గ్రౌండ్‌లోనే మా ఆర్సెనల్ ఆడుతోంది. "మా ఆర్సెనల్" అని ఎందుకన్నానో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. లండన్ మొహం నేను చూడలేదు. అయినా మా ఆర్సెనలే.

ఇంటర్వెల్‌కి 3-1. సరేలే అనుకున్నాను. అరవై నాలుగో నిమిషం నుంచి డెబ్భయ్యో నిమిషం లోపల ఇంకో మూడు పడ్డాయి. అప్పటిదాకా అటు తిరిగి పడుకున్న తాత ఇటు తిరిగాడు.

"ఎన్ని గోల్స్ అయినయ్ రా?"

"ఆరు."

"మనోళ్లు కొట్టిన్రా?"

"మనకే పడ్డయ్ తాతా."

ఆయన లేచి కూర్చుని కళ్లజోడు పెట్టుకున్నాడు. అలా కూర్చున్న ఆయన ముందే ఇంకో రెండు పడ్డాయి. 8-2. ఆర్సెనల్‌కి అంతకన్నా ఘోరమైన ఓటమి కావాలంటే 1896 దాకా వెనక్కి వెళ్లి వెతకాలట, కామెంటరీలో చెప్పాడు. నేను రిమోట్ మంచం మీదకి విసిరేసి, "ఈ మేనేజర్‌ని పీకేస్తే గానీ మనం బాగుపడం!" అని గట్టిగా అరిచాను.

వంటింట్లోంచి అమ్మ చెయ్యి తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "మెల్లగా మాట్లాడరా, ఎవరైనా వింటే ఉన్న ఉద్యోగం కాస్తా పోతుంది!" నాకు ఉద్యోగం వచ్చి అప్పటికి ఏడాది. మేనేజర్ అంటే ఆమెకి తెలిసింది ఒక్కరే: మాదాపూర్ ఆఫీసులో నన్ను రాత్రి తొమ్మిది దాకా కూర్చోబెట్టే పెద్దమనిషి. ఆ పెద్దమనిషి మీద ఉన్న కోపం ఎంత, టీవీలో పొడుగు కోటు వేసుకుని నిలబడ్డ ఆర్సెనల్ మేనేజర్ వెంగర్ మీద ఉన్న కోపం ఎంత అని ఆ రోజు ఎవరైనా తూకం వేసి అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. ఒకాయన్ని ఏమీ అనలేను. రెండో ఆయన్ని ఎంతైనా అనొచ్చు.

తాత మాత్రం సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. "గాయన్నెందుకు తీసెయ్యాలె?" అన్నాడు. "పది పడ్డా రహీం సాబ్‌ను తీసెయ్యలే."

ఆ పది గోల్స్ సంగతి మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. తాత లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన మనిషి. చిన్నప్పుడు రైల్వే గ్రౌండ్లలో ఒట్టికాళ్లతో ఆడాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీము ఆట అంటే సైకిల్ మీద ఫతే మైదాన్ దాకా వెళ్లి చూసేవాడు. ఆ టీము 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. దానికి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. బడి పంతులు. ఇండియా టీముకీ ఆయనే కోచ్. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారం తెచ్చాడు. మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో కొందరు బూట్లు లేకుండానే దిగారు, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. తాతకి అప్పుడు పద్నాలుగేళ్లు. పేపర్లో ఆ అంకె చూసి అచ్చు తప్పేమో అనుకున్నాడట.

"పది పడ్డంక మళ్ల ఆయన్నే పంపిన్రు. ఏమైంది? మెల్‌బోర్న్‌ల నాలుగో ప్లేసు!" అదీ తాత వాదన. 1956 ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని వాళ్ల దేశంలోనే 4-2తో కొట్టి మనవాళ్లు సెమీస్‌కి వెళ్లారు. ఆ టీములో మన హైదరాబాదీలు చాలామంది. అమ్ముగూడ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరాం తాతకన్నా రెండేళ్లు పెద్ద. "మా ఈడోడే" అనేవాడు తాత, తనూ ఇంకొంచెం గట్టిగా ఆడి ఉంటే మెల్‌బోర్న్ వెళ్లేవాణ్ణే అన్నట్టు.

నేను ఒప్పుకోలేదు. రహీం సాబ్ ఏం, వెంగర్ ఏం? ఇద్దరికీ పోలికేమిటి?

అసలు మొదట్లో నేను వెంగర్ భక్తుణ్ణి. అది దాచుకుని లాభం లేదు. 2003లో పదో తరగతి. కేబుల్లో ఈఎస్‌పీఎన్, స్టార్ స్పోర్ట్స్ వచ్చేవి. శనివారం సాయంత్రం సింగపూర్ స్టూడియోలో జాన్ డైక్స్, ఆయన పక్కన షెబీ సింగ్ కూర్చుని ఉంటే ఇక ట్యూషన్‌కి నా కడుపులో నొప్పి. ఆ సీజన్లో ఆర్సెనల్ లీగులో ముప్ఫై ఎనిమిది మ్యాచ్‌లు ఆడింది. ఇరవై ఆరు గెలిచింది, పన్నెండు డ్రా. ఒక్కటీ ఓడలేదు. ఓడకుండా ఒక సీజన్ మొత్తం ఆడొచ్చని 2002లోనే ఆయన అంటే ఇంగ్లండ్ పేపర్లు నవ్వాయట. టైటిల్‌ని టాటెన్‌హామ్ గ్రౌండ్‌లోనే ఖాయం చేసుకున్నారు, పొరుగువాళ్ల ముంగిట్లో ముగ్గు వేసినట్టు.

థియరీ హెన్రీ ఎడమవైపు నుంచి బంతి తీసుకుని వస్తుంటే తాత మంచం దిగి నేలమీద కూర్చునేవాడు. "గిదీ ఆట. గిట్లనే ఆడిచ్చేటోడు రహీం సాబ్. బంతి పట్టుకొని డాన్సు చెయ్యొద్దు, పాస్ ఇయ్యి, ఉరుకు." వెంగర్‌ని ఆయన "ఫ్రెంచి మాస్టరు" అనేవాడు. ఇంగ్లండ్ వాళ్లు కూడా ఆయన్ని ప్రొఫెసర్ అనే పిలిచేవారని తాతకి తెలీదు. 1996లో జపాన్ నుంచి వచ్చినప్పుడు ఈయన ఎవరు అని అక్కడి పేపరే అడిగింది. వచ్చీ రాగానే ఆటగాళ్ల తిండి మార్చాడు. బీరు, చాక్లెట్లు పక్కన పెట్టించి ఉడకబెట్టిన కోడి, కూరగాయలు పెట్టించాడు. రెండో ఏడే లీగు, ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్పు రెండూ కొట్టాడు. జనరల్ బజార్లో నాన్నని పీడించి కొనిపించుకున్న ఎర్ర జెర్సీ, వెనకాల హెన్రీది పద్నాలుగు నంబరు, రెండు ఉతుకులకే గులాబీ రంగుకి వచ్చింది. అయినా ఇంటర్ దాకా అదే వేసుకున్నాను.

ఎంసెట్ రాసిన వేసవిలో, 2006 మే 17 అర్ధరాత్రి దాటాక పన్నెండుంపావుకి, పారిస్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ బార్సిలోనాతో. పద్దెనిమిదో నిమిషంలోనే గోల్‌కీపర్ లేమన్‌కి రెడ్‌కార్డు. పదిమందితో ఆడుతూ కూడా సోల్ క్యాంప్‌బెల్ తలతో ఒకటి కొట్టాడు. ఆఖరి పావుగంటలో బార్సిలోనా వాళ్లు ఎటో, బెలెట్టి చెరొకటి కొట్టారు. 2-1. తెల్లవారుజామున పాలవాడు వచ్చేదాకా గుమ్మంలో కూర్చున్నాను. ఆ రాత్రి వెంగర్ మీద నాకు కోపం రాలేదు. రిఫరీ మీద వచ్చింది, వాన మీద వచ్చింది. భక్తి ఉన్నన్నాళ్లూ తప్పు ఎప్పుడూ వేరే వాళ్లదే.

కోపం మెల్లగా వచ్చింది. అప్పులవాడి లెక్క పెరిగినట్టు.

అదే ఏడు ఆర్సెనల్ పాత హైబరీ వదిలి కొత్త స్టేడియానికి మారింది. ముప్ఫై ఎనిమిది వేలమంది పట్టే చోటు నుంచి అరవై వేలమంది పట్టే చోటుకి. మన వైపు ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. ఇల్లు కట్టినవాడు అప్పు మీద పడితే ముందు పోయేది ఒంటి మీది బంగారమే. 2007లో హెన్రీ బార్సిలోనాకి. 2009లో అడెబయోర్, కోలో టూరే మాంచెస్టర్ సిటీకి. 2011 ఆగస్టులో ఫాబ్రెగాస్ బార్సిలోనాకి, నస్రీ సిటీకి. ఆ ఇద్దరూ వెళ్లిన కొన్ని రోజులకే ఎనిమిది గోల్స్ పడ్డాయి. ఆ మరుసటేడు వాన్ పెర్సీని అమ్మింది ఎవరికి? యునైటెడ్‌కి. అతను వెళ్లిన ఏడే వాళ్లకి లీగు గెలిపించి పెట్టాడు. పిల్లనిచ్చి, ఇల్లరికం కూడా మనమే పంపినట్టయింది.

మరోపక్క చెల్సీలో 2003 నుంచి రష్యా డబ్బు, సిటీలో 2008 నుంచి అబూధాబీ డబ్బు. ఆ డబ్బుల మధ్య, అప్పు కడుతూ, కుర్ర ఆటగాళ్లని పెట్టుకుని వెంగర్ ప్రతి ఏడూ ఆర్సెనల్‌ని మొదటి నాలుగు స్థానాల్లో ఉంచాడు. ఇప్పుడు లెక్క చూస్తే అది మామూలు పని కాదు. కానీ ఇరవై రెండేళ్ల వాడికి లెక్కలు ఎవరు చెప్తారు? ఒకసారి ఆయనే నాలుగో స్థానం కూడా ట్రోఫీ లాంటిదే అన్న అర్థంలో ఏదో అన్నాడు. ఇక అది పట్టుకుని ఆఫీసులో నన్ను తినేశారు. మా టీములో ఒక చెల్సీ వాడు, ఒక యునైటెడ్ వాడు ఉండేవారు. అప్రైజల్స్‌లో నాకు అందరిలో నాలుగో రేటింగ్ వచ్చిన రోజు చెల్సీ వాడు నా డెస్క్ మీద ప్లాస్టిక్ కప్పు బోర్లించి పెట్టాడు.

వాడి వాదన మాత్రం గట్టిది. "మీవాడు పదిహేనేళ్లు కూర్చున్నాడు, మావాళ్లు మార్చినంత మంది కోచ్‌లని మీరు చూసుండరు. ఎవరికి కప్పులొచ్చాయి?" అనేవాడు. 2012 మార్చిలో చెల్సీ కోచ్‌ని తీసేసింది. తాత్కాలికంగా కూర్చోబెట్టిన డి మాటెయో మే నెలలో యూరప్ కప్పు ఎత్తాడు. ఇంకేం చెప్తాం? ఆ రాత్రే అనుకుంటా, నేను మొదటిసారి ఫేస్‌బుక్‌లో రెండు ముక్కలు రాశాను: వెంగర్ అవుట్. రాశాక ఏదో తిట్టకూడని పెద్దవాళ్లని తిట్టినట్టు గుండె దడదడలాడింది. పదోసారి రాసేటప్పటికి ఏ దడా లేదు.

యునైటెడ్ వాడు దీనికి విరుగుడు తనకి తెలీకుండానే ఇచ్చాడు. 2013లో వాళ్ల మేనేజర్ ఫెర్గూసన్ దిగిపోయాడు. వచ్చిన మోయెస్ పది నెలలు కూడా పూర్తిగా నిలవలేదు. మార్చగానే బాగుపడతాం అనుకునే వాళ్లందరికీ అది చెంపదెబ్బ. నాకు మాత్రం తగల్లేదు. యునైటెడ్ ఓడిపోతోందన్న సంతోషంలో ఆ పాఠం చదవనేలేదు.

ఆ రోజుల్లో నన్నెవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అడగాల్సింది నేనే. ఎందుకు ఎప్పుడూ మేనేజరే? క్లబ్బులో ఎక్కువ వాటా 2011 నుంచీ అమెరికాలో ఉండే క్రోంకీది. ఆయనకి నా అరుపు వినపడదు. బోర్డువాళ్ల మొహాలు నేను గుర్తుపట్టలేను. ఆటగాళ్లు పాతికమంది, ఒక్కణ్ణి తిడితే రెండోవాడు మిగులుతాడు. మిగిలింది గీత పక్కన నిలబడి, ఆ పొడుగు కోటు జిప్పు పడక రెండు చేతులతో తంటాలు పడే ఆయన ఒక్కడు. చేతికి అందే మెడ అదొక్కటే. ఫ్యాన్‌కి ఓటు లేదు, వాటా లేదు. తొంభై నిమిషాలు కెమెరా ఎవరి మీద ఉంటుందో వాళ్లే దొంగ.

ఇంత తెలిశాక కూడా చెప్తున్నా: ఆయన్ని మార్చమనడం తప్పు కాదు. అడిగిన కారణం తప్పు, అడిగిన భాష తప్పు, అడిగిన రోజులు తప్పు. అడగాల్సిన రోజు ఒక్కటే ఉంది. ఆ రోజు నేను నోరు మూసుకుని సంబరాల్లో ఉన్నాను.

అది 2014 మే 17. ముందురోజే ఎన్నికల ఫలితాలు. తాత రెండురోజులుగా న్యూస్ ఛానెల్ వదలడం లేదు. ఇంకో రెండు వారాల్లో తెలంగాణ వస్తోంది, ఇంటికి వచ్చిన ప్రతివాడితోనూ అదే మాట. రాత్రి తొమ్మిదిన్నరకి ఎఫ్ఏ కప్ ఫైనల్, హల్ సిటీతో. బతిమాలి ఛానెల్ మార్పించాను. ఎనిమిది నిమిషాలకల్లా 2-0, మనకే పడ్డాయి. "ఇంకెన్ని పడతయ్ రా మీకు," అని తాత మళ్లీ న్యూస్ పెట్టమన్నాడు. మూడోది కూడా పడాల్సిందే, గిబ్స్ గీత మీద తలతో ఆపాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపు కజోర్లా ఫ్రీకిక్, నెట్టు పై మూలకి. డెబ్భై ఒకటో నిమిషంలో కోషియెల్నీ. ఎక్స్‌ట్రా టైములో, నూటతొమ్మిదో నిమిషంలో, జిరూ మడమతో వెనక్కి వదిలిన బంతిని ర్యామ్సే కాలి అంచుతో లోపలికి తోశాడు. 2005 తరవాత మొదటి కప్పు. తొమ్మిదేళ్లు. మా గోలకి పక్కింటివాళ్లు లేచి, ఏదో రాజకీయ విజయమనుకుని స్వీట్లేవని అడిగారు.

ఆటగాళ్లు వెంగర్‌ని గాల్లోకి ఎగరేశారు. ఆ తెల్లచొక్కా మీద ఎవరో పోసిన షాంపేన్. ఆయన ఒప్పందం కూడా ఆ సీజన్‌తోనే అయిపోతోంది. ఆ క్షణంలో దిగిపోయి ఉంటే? చేతిలో కప్పు, స్టేడియం అప్పు భారం తగ్గుతున్న రోజులు, అంతకు ముందు సెప్టెంబరులో కొన్న ఓజిల్. కొత్తగా వచ్చేవాడికి చక్కగా సర్దిన ఇల్లు అప్పగించినట్టుండేది. ఆ రోజు నేను ఫేస్‌బుక్‌లో ఏం రాశానో తెలుసా? "వెంగర్ ఫరెవర్." రెండునెలల ముందు చెల్సీ చేతిలో 6-0తో పోయినప్పుడు, అదీ ఆయన వెయ్యో మ్యాచ్ రోజున, రాసిన దానికి పూర్తిగా తిరగబడి. రెండు వారాలు తిరక్కుండానే ఆయన మూడేళ్లకి సంతకం చేశాడు. నేను చప్పట్లు కొట్టాను.

ఆ మూడేళ్లలో ఏం జరిగిందో పెద్దగా చెప్పడానికి లేదు. 2015లో ఇంకో కప్పు. 2016లో పెద్ద క్లబ్బులన్నీ తడబడ్డ ఏడు, మనకి దొరకాల్సిన లీగు లెస్టర్ తన్నుకుపోయింది. ఫిబ్రవరిలో అదే లెస్టర్‌ని ఆఖరి నిమిషంలో వెల్‌బెక్ గోల్‌తో ఓడించినప్పుడు ఇక మనదే అనుకున్నాం. మనం రెండో స్థానం. అంతే.

2017 నాటికి నాకు పెళ్లయింది. మార్చి ఏడు రాత్రి, అంటే తెల్లారితే ఎనిమిది, ఒకటింపావుకి ఛాంపియన్స్ లీగ్‌లో బయర్న్ మ్యూనిక్‌తో రెండో మ్యాచ్. మొదటిది అక్కడ 5-1తో ఓడాం. ఇక్కడా 5-1. మా ఆవిడ నిద్రలో లేచి, "ఇంకా ఎన్ని పడాలి?" అని అడిగి మళ్లీ పడుకుంది. ఇంట్లో అందరికీ ఇదే ప్రశ్న.

పది రోజులకి వెస్ట్‌బ్రామ్‌తో మ్యాచ్ మీదుగా ఒక చిన్న విమానం వెళ్లింది, తోకకి బ్యానరు కట్టుకుని: కాంట్రాక్టు వద్దు, వెంగర్ పోవాలి అని. అది పోయిందో లేదో ఇంకో విమానం, వెంగర్ మీద మాకు నమ్మకం ఉంది అని. మనదగ్గర హీరోల పోస్టర్ల మీద పేడ కొట్టడం చూశాను, కటౌట్లకి పాలు పొయ్యడం చూశాను. తిట్టడానికి ఒకటి, పొగడడానికి ఒకటి విమానాలు అద్దెకి తేవడం అదే మొదటిసారి చూడ్డం. కింద టీము 3-1తో ఓడిపోతోంది. పైకి చూస్తున్నవాళ్లే ఎక్కువ. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆ సీజన్ అయిదో స్థానం. మే నెలలో చెల్సీ మీద మళ్లీ ఎఫ్ఏ కప్పు. ఆయన చేతికి అది ఏడోది. మళ్లీ రెండేళ్ల సంతకం. ఈసారి నేను చప్పట్లు కొట్టలేదు. తిట్టనూ లేదు. ఓపిక అయిపోయింది.

2018 ఏప్రిల్ 20న ఆయన వెళ్లిపోతున్నానని ప్రకటించాడు. నేను ఆఫీసు క్యాంటీన్లో ఉన్నాను. చెల్సీ వాడే ముందు చూపించాడు, ఫోను నా మొహం ముందు పెట్టి. వెక్కిరిస్తాడనుకున్నాను. "టీ తాగుదాం పద," అన్నాడు.

మే ఆరు, ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకి సొంత గ్రౌండ్‌లో ఆఖరి మ్యాచ్, బర్న్‌లీతో. 5-0. తరవాత ఆయన మైకు పట్టుకున్నాడు. తన గురించి కాకుండా ముందు ఫెర్గూసన్ త్వరగా కోలుకోవాలని అన్నాడు. ఆ పెద్దాయనకి ముందురోజే తలకి ఆపరేషన్ జరిగింది. ఏళ్ల తరబడి ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకున్న మనుషులు. తరవాత గ్రౌండ్ చుట్టూ తిరుగుతూ తన టై విప్పి ఒక పిల్లవాడికి ఇచ్చాడు. ఎర్ర టై. మా ఆవిడ నా వంక చూసి, "ఏడేళ్లుగా పొమ్మన్నది నువ్వేగా? మరి ముక్కు చీదుతావేం?" అంది. జలుబు అన్నాను. మే నెలలో.

ఆగస్టులో కొత్త సీజన్. ఎనభై ఏళ్ల తాత మంచం మీంచి తెర వైపు చూసి ఆగాడు. ఉనాయ్ ఎమెరీ గీత పక్కన చేతులు ఊపుతున్నాడు.

"గీయన ఎవలు? మాస్టరేడి?"

"తీసేసిన్రు తాతా. అంటే, ఆయనే పోయిండు."

తాత కాసేపు ఆలోచించి అడిగాడు. "ఎన్ని గోల్స్ పడ్డయ్?"

ఏం చెప్పను? ఆయన పోయిన రోజు గోల్స్ ఏమీ పడలేదు, ఇరవై రెండేళ్లు పడ్డాయి అని చెప్పాలా?

అప్పుడు మాత్రం రహీం సాబ్ కథలో ఆఖరి ముక్క నాకు గుర్తొచ్చింది. రహీం సాబ్‌ని తీసెయ్యలేదు, నిజమే. 1962లో జకార్తాలో, లోపల క్యాన్సర్ తినేస్తుంటే, దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఇంకో బంగారం తెచ్చాడు. 63 జూన్‌లో పోయాడు. ఆ తరవాత ఏషియన్ గేమ్స్‌లో మనకి ఫుట్‌బాల్ బంగారం ఇప్పటిదాకా రాలేదు. దీన్ని తాత "చూసినవా, ఆయన విలువ" అనేవాడు. నాకు ఇంకోలా కనిపిస్తుంది. అంతా ఒకే మనిషి భుజం మీద పెట్టిన ఇల్లు, ఆ మనిషి ఉన్నన్నాళ్లే ఇల్లు. ఆర్సెనల్‌లోనూ అంతే జరిగింది. 2007లో క్లబ్బు వైస్ ఛైర్మన్ డేవిడ్ డీన్ వెళ్లిపోయాక ఆటగాణ్ణి కొనడం నుంచి కాంట్రాక్టు దాకా వెంగర్ మాటే. ఆయన తరవాత ఎవరు అన్నది పదేళ్లపాటు ఎవరూ అడగలేదు. మేం కూడా ఎవరు పోవాలి అనే అరిచాం గానీ, ఎవరు రావాలి అని అరవలేదు. మా బ్యానర్లలో రెండో పేరు ఎప్పుడూ లేదు. తాతతో ఈ మాట అనలేదు. రహీం సాబ్ మీద మాట పడితే ఆయన రెండురోజులు అన్నం తినడు.

ఎమెరీ సంగతి తెలిసిందే. 2019లో బాకూలో యూరోపా లీగ్ ఫైనల్లో చెల్సీ చేతిలో 4-1, నవంబరులో ఉద్వాసన. తాత 2020లో పోయాడు. ఆ సరికి వచ్చింది ఆర్టెటా. 8-2 పడ్డ మూడు రోజులకి, ఆ కంగారులో, వెంగర్ గబగబా కొన్న వాళ్లలో ఒకడు. ఆ రాత్రి నేను రిమోట్ విసిరిన ఓటమి లేకపోతే ఈ మనిషి మా క్లబ్బు గుమ్మం తొక్కేవాడే కాడేమో. రెండు సీజన్లు వరసగా ఎనిమిదో స్థానం. 2021 ఆగస్టులో మొదటి మూడు మ్యాచ్‌లూ ఓటమే, ఒక్క గోల్ కొట్టలేదు, సిటీ చేతిలో అయిదు. పట్టికలో అట్టడుగున మనం. నేనేం రాసుంటానో ఊహించడం కష్టం కాదు. క్లబ్బు నా మాట వినలేదు. 2023, 24, 25 మూడేళ్లూ రెండో స్థానం. ఆర్టెటాని మొదటినుంచీ నమ్మాం అని ఇప్పుడు చెప్పుకునే గుంపులో ముందువరసలో నేనే ఉంటాను. స్క్రీన్‌షాట్లు చెల్సీ వాడి దగ్గర భద్రంగా ఉన్నాయి.

2023 నవంబరులో వెంగర్ మన దేశానికి వచ్చాడు. ఇప్పుడు ఆయన ఫిఫాలో ఉన్నాడు. భువనేశ్వర్‌లో కుర్రాళ్లకి ఫుట్‌బాల్ అకాడమీ ప్రారంభించడానికి వచ్చాడు. సికింద్రాబాద్ స్టేషన్‌లో కోణార్క్ ఎక్కితే సరాసరి భువనేశ్వర్‌లోనే దిగొచ్చు. రెండురోజులు లీవు పెడదామా అని టికెట్లు చూశాను, వెయిటింగ్ లిస్టు. కనబడితే ఏమంటాను? నమస్కారం సార్, మిమ్మల్ని పొమ్మని ఏడేళ్లు అరిచాను, ఇదిగో గులాబీ రంగుకి వచ్చిన జెర్సీ, సంతకం పెట్టండి అనా? టికెట్టు కన్‌ఫర్మ్ కాలేదని ఊరట పడ్డాను.

అకాడమీ మొదలైన రోజు, నవంబరు 21 సాయంత్రం, అదే ఊళ్లో కళింగ స్టేడియంలో ఇండియా, ఖతార్ మధ్య వరల్డ్ కప్ క్వాలిఫయర్. అప్పుడు మన కోచ్ స్టిమాచ్. ఇంట్లో అదే పాత ముందుగది, తాత మంచం ఉన్నచోట ఇప్పుడు మా అమ్మాయి రాసుకునే బల్ల. మొదటి గోల్ తొందరగానే పడింది. రెండోది విరామం అయిన వెంటనే. 3-0తో పోయాం. మూడోది పడగానే మా ఫుట్‌బాల్ గ్రూపులో చెల్సీ వాడు మొదలెట్టాడు: స్టిమాచ్ అవుట్.

రెండోవాణ్ణి నేనే.